అమ్మ చెప్పిన జవాబులు

పచ్చి బాలింతను ఒక్క క్షణమైనా ఒంటరిగా వదలకూడదని మా అమ్మ నమ్మకం. గాలి సోకుతుందట. అందుకే నేను కాన్పుకి బందరులో ఆస్పత్రిలో చేరినప్పుడు, నా దిండు కింద పెట్టడానికి ఇంటి నుంచి పాత అట్లకాడ ఒకటి తెచ్చింది. ఇనుముంటే ఏ గాలీ దగ్గరకు రాదని. రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు కూడా వచ్చేశాయి. అమ్మకు మాత్రం అట్లకాడ మీదే గురి.

నాకు ఆడపిల్ల పుట్టింది. మహాలక్ష్మి అన్నారు అందరూ. నాకు ఆ పిల్లను చూస్తే ఏమీ అనిపించలేదు. ఎవరి బిడ్డనో నా పక్కలో పడుకోబెట్టి మరిచిపోయినట్టుండేది. ఊరికే ఏడుపు తన్నుకొచ్చేది. బాలింత ఏడిస్తే కళ్ళు పోతాయని అమ్మ ఏడవనిచ్చేది కాదు. ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఇక బతకలేననిపించింది.

ఆస్పత్రికి కొత్తగా వచ్చిన లేడీ డాక్టరొకావిడ కాన్పయిన వాళ్ళందరి దగ్గరా కూర్చుని మనసెలా ఉందని అడిగేది. కొందరికి కాన్పు తర్వాత దిగులు జబ్బు పట్టుకుంటుందని, ముందే కనిపెడితే తగ్గుతుందని చెప్పేది. ఆవిడ నా మంచం వైపు వస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమ్మా, నిద్ర పడుతోందా?"

"శుభ్రంగా పడుతోందండీ," అంది అమ్మ.

"ఏడుపేమైనా వస్తోందా?"

"పచ్చి బాలింత ఏడవచ్చా అండీ! మా అమ్మాయికి ఆ అలవాటే లేదు."

పరీక్ష హాల్లోకి రానిచ్చి ఉంటే నా పదో తరగతి పరీక్ష కూడా మా అమ్మే రాసేది. డాక్టరమ్మ నవ్వి, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా, నేను అమ్మాయితో మాట్లాడాలి," అంది.

"ఒంటరిగా వదలకూడదండీ."

"నేనున్నాను కదండీ."

"మీరు పెళ్ళి కాని పిల్ల. మీకేం తెలుస్తుంది చెప్పండి?"

డాక్టరమ్మ నా మొహంలోకి చూసింది. నేను చెప్పబోయాను. ఈలోగా అమ్మ నా చెవిలో దూది సర్ది, "దానికేమండీ, బంగారంలా ఉంది," అంది. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరకు వెళ్ళింది.

పక్క మంచం అమ్మాయిది దివిసీమలో సముద్రం దగ్గరి పల్లె. తల్లీ లేదు, అత్తా లేదు. మొగుడు రొయ్యల చెరువుల మీద పనికి వెళ్తూ, సందు చూసుకుని వచ్చి పోయేవాడు. ఆ పిల్ల ఏమీ దాచలేదు.

"ఈ బిడ్డని ఎవరికైనా ఇచ్చేసి ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తందండీ," అని భోరుమంది.

నేను చెప్పాల్సిన మాట అది. దూది పెట్టిన చెవులకి కూడా స్పష్టంగా వినిపించింది. ఆ పిల్ల మీద నాకు అసూయ పుట్టింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడి, మందులు రాసి, మొగుణ్ణి పిలిచింది. "కొన్నాళ్ళు ఈ అమ్మాయిని ఒంటరిగా వదలొద్దు," అని గట్టిగా చెప్పింది.

"చూశావా, నేనన్నదే ఆవిడా అంది," అంది అమ్మ గర్వంగా.

మొవ్వలో మా పుట్టింటికి వచ్చాక నాకు ఇంకా ఎక్కువైంది. ఇంటి వెనక కాలవ పారుతున్న చప్పుడు గదిలోకి వినిపించేది. ఓ మధ్యాహ్నం పిల్ల ఏడుస్తుంటే దాన్ని అలాగే వదిలేసి దొడ్డి గుమ్మం దాటాను. "ఎక్కడికే?" అంటూ అమ్మ వెనకే వచ్చి, రెక్క పట్టుకుని లోపల కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. ఆ తర్వాత దొడ్డి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. నెలలు గడిచాక ఒకరోజు పిల్ల తుమ్మి, తన తుమ్ముకి తనే ఉలిక్కిపడింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడే అది నా పిల్లనిపించింది.

ఏడాది నిండాక దానికి చెవులు కుట్టించడానికి మోపిదేవి వెళ్ళాం. గుడి బయట ఆ పక్క మంచం అమ్మాయి మొగుడు కనిపించాడు. భుజం మీద బిడ్డ.

"అమ్మాయేదయ్యా?" అంది అమ్మ.

"లేదండీ." బిడ్డను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకు మార్చుకున్నాడు. "మందులు వేసుకుంటానే ఉందండీ. డాక్టరమ్మ ఒంటరిగా వదలొద్దనే చెప్పారు. పనికెళ్ళకపోతే ఎలాగండీ? వచ్చేసరికి ఇంట్లో లేదు. కాలవలో దొరికింది."

బస్సెక్కాం. కుట్టిన చెవులు నొప్పెట్టి, ఏడ్చి ఏడ్చి నా కూతురు ఒళ్ళో నిద్రపోయింది. చల్లపల్లి దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అప్పుడు నీకూ అలాగే ఉండేదా ఏమిటే?"

ఇన్నాళ్ళకు అడిగింది. చెబుదామని నోరు తెరిచాను.

"నీకేమే, బంగారంలా ఉండేదానివి," అంది తనే. నా చెయ్యి నొప్పి పుట్టేలా బిగించి పట్టుకుంది.

"అవునమ్మా," అన్నాను.