ఓర్చుకోమన్న మాట

గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే బస్సులో ఎనిమిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. పక్క సీట్లో యాభై ఏళ్లావిడ ఆసుపత్రి కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ ఆమె వేళ్లు కందిపోయి ఉన్నాయి.

ఒక పేపరు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. "తప్పు రాశారా అండీ?" అని పక్కనున్నావిడ అడిగింది.

"ఓర్చు అంటే సహించడం అని రాయాలమ్మా. ఈ పిల్ల గెలవడం అని రాసింది. పాత తెలుగులో ఆ అర్థమూ ఉందిలే."

ఆమె ఒళ్లోని ఆసుపత్రి కాగితాల మీద చెయ్యి వేసింది.

"పోయిన నెల మా ఆయన పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు టీచరమ్మా. నొప్పని అరిచినప్పుడల్లా, ఓర్చుకోవయ్యా, ప్రభువు చూస్తన్నాడు అనేదాన్ని. ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని, ఇంక ఆ మాట చెప్పమాకే అన్నాడు. సరే, చెప్పన్లే అన్నా. గంటలో పోయాడు. గెలిచాడంటారా మరి?"

అంతలో బస్సు ఆగింది. ప్రత్తిపాడులో ఆమె సంచి సర్దుకుని దిగిపోయింది.

రెండేళ్ల తర్వాత మా అమ్మ మంచాన పడింది. ఒక మధ్యాహ్నం పళ్లు బిగపట్టి పడుకుని ఉంటే, ఓర్చుకో అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆమె పక్కన కూర్చున్నాను.

"చాలా నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాను.

"చాలా" అంది అమ్మ. అప్పటిదాకా తను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.