సొట్ట జగ్గు, రెండు నిమ్మకాయలు

మా బడిలో డ్రాయింగు మాస్టారు పదకొండేళ్లుగా పనిచేస్తున్నారు. ఆ పదకొండేళ్లలో ఆయన పీరియళ్లు సగం నేనే మింగేశాను. నేను లెక్కల టీచర్ని. సిలబస్ మిగిలిపోయిన ప్రతిసారీ ఆయన తరగతి గుమ్మంలో నిలబడి చిన్నగా దగ్గేదాన్ని. ఆయన చాక్‌పీసు బల్లమీద పెట్టి, "రండి టీచరుగారూ, లెక్కలు ముఖ్యం" అంటూ బయటికి నడిచేవారు. ఆ ఖాళీలో సైన్సు వాళ్లకు కప్ప బొమ్మ, హెడ్మిస్ట్రెస్ గారి గదికి నేమ్‌బోర్డు, ఆటల కప్పుల మీద పేర్లు, అన్నీ ఆయనే గీసిపెట్టేవారు. బడిలో బొమ్మలకు కొదవ లేదు, పిల్లలకు బొమ్మలు గీయడం మాత్రం రాదు.

ఒకరోజు కాగితం వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లల సృజనాత్మకతను పరిశీలించడానికి పై అధికారి వస్తున్నారు. ఆయనకు తృప్తి కలగకపోతే డ్రాయింగు పోస్టు ఎత్తేస్తారు. మాస్టారికి ఇంకా ఆరేళ్ల సర్వీసుంది, ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలిద్దరున్నారు. కాగితం చదివి, టిఫిన్ డబ్బా మూత తీసినవారు మళ్లీ పెట్టేశారు.

"పదిహేను రోజుల్లో సృజన ఎక్కణ్ణుంచి తేనండీ?"

"నా పీరియళ్లు కూడా తీసుకోండి," అన్నాను. నాకు కాస్త సిగ్గేసింది, నిజమే చెబుతున్నాను.

ఆయన స్టాఫ్ రూములోని సొట్ట జగ్గు తెచ్చి, పక్కన రెండు నిమ్మకాయలు పెట్టి, తొమ్మిదో తరగతి చేత రోజూ అదే గీయించారు. "ఎడమపక్క సొట్ట మర్చిపోకండర్రా. కళంతా ఆ సొట్టలోనే ఉంది," అనేవారు. చివరికి నేను దిద్దే లెక్కల నోట్సుల అంచుల్లో కూడా జగ్గులు మొలిచాయి.

పరిశీలన రోజు పొద్దున్నే మాస్టారు జగ్గునూ నిమ్మకాయలనూ బీరువాలో దాచేశారు. తర్ఫీదు ఇచ్చినట్టు తెలియకూడదు కదా. అధికారి వచ్చి కుర్చీలో కూర్చుని, "భయపడకండి. మీకు ఏది ఇష్టమైతే అది గీయండి," అన్నారు. నలభై రెండు తలలు వంగాయి. నేను వెనక బెంచీ దగ్గర నిలబడి, దగ్గర్లో ఉన్న కాగితంలోకి తొంగిచూశాను. జగ్గు, రెండు నిమ్మకాయలు. పక్క కాగితంలోనూ అంతే. ఆ పక్కదానిలోనూ అంతే. మాస్టారు అప్పటికే శుభ్రంగా ఉన్న నల్లబల్లను తుడుస్తూ ఉన్నారు.

అధికారి కాగితాలన్నీ తెప్పించుకుని నిదానంగా తిరగేశారు. సొట్ట అన్నింటిలోనూ ఎడమవైపే ఉంది.

"అందరికీ ఇదే ఇష్టమా?"

"అవును సార్," అన్నారు పిల్లలు ఒకే గొంతుతో.

అధికారి ముఖం విప్పారింది. ఇంత క్రమశిక్షణ ఏ బడిలోనూ చూడలేదన్నారు. రిజిస్టరులో స్వయంగా రాశారు: "సృజనాత్మకత సంతృప్తికరం. అందరిలోనూ సమానంగా ఉంది. పోస్టు కొనసాగించవచ్చు."

స్టాఫ్ రూములో అందరూ మాస్టారిని స్వీట్లు ఎప్పుడని పీడించారు. ఆయన నవ్వలేదు. బీరువాలోంచి జగ్గు తెచ్చి, నీళ్లు నింపి, దాని చోట దాన్ని పెట్టేశారు.

మర్నాడు సిలబస్ మిగిలి, అలవాటుగా వెళ్లి ఆయన గుమ్మంలో దగ్గాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టలేదు.

"ఈ పీరియడు నాది టీచరుగారూ. ఏమీ అనుకోకండి."

పదకొండేళ్లలో మొదటిసారి అన్న మాట. అక్కడే ఆగిపోయాను. ఆయన పిల్లల వైపు తిరిగి, "ఇవాళ జగ్గు లేదు, నిమ్మకాయలూ లేవు. మార్కులు కూడా లేవు. నిజంగా మీకు ఇష్టమైంది గీయండి," అన్నారు.

కాసేపటికి ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. చాలా బుద్ధిమంతురాలు, నా తరగతిలో ఎప్పుడూ ఫస్టు.

"ఏది ఇష్టమో మీరే చెప్పండి సార్. బాగా గీస్తాం."

మాస్టారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. గంట కొట్టేదాకా నలభై రెండు కాగితాలూ తెల్లగానే ఉన్నాయి. ఉద్యోగం మాత్రం పదిలంగా ఉంది.