ముంజేతి వంకర

ఏటా చలికాలం మొదట్లో ఎముకల పాఠం వస్తుంది. లక్సెట్టిపేట దగ్గర నేను పాఠాలు చెప్పే బడిలో ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటుంది. పిల్లలు దాన్ని ‘పెద్దసారు’ అంటారు. ఒక్కరోజూ సెలవు పెట్టని సారు మా బడిలో అదొక్కటే కాబట్టి నేనూ కాదనను. పొద్దున గోదావరి మీది మంచు కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. ఆ తెల్లదనంలో కొక్కేనికి వేలాడే పెద్దసారు గాల్లో నడుస్తున్నట్టు కనిపిస్తాడు. పుర్రె మెదడును కాస్తుందని, పక్కటెముకలు గుండెనూ ఊపిరితిత్తులనూ దాచుకుంటాయని, ఎముకల లోపలి మూలుగలో రక్తకణాలు పుడతాయని చెబుతూ చెబుతూ నేనే ఎటో వెళ్లిపోతాను. ముంజేతి దగ్గరికి రాగానే నా ఎడమచేతిని కొంగు కింద దాచుకుంటాను. అక్కడ రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. నావి రెండూ వంకర.

ఎనిమిదేళ్లప్పుడు జామచెట్టు మీంచి పడ్డాను. పెద్దపల్లి వైపు ఒక ఊళ్లో విరిగిన ఎముకలకు (మా వైపు బొక్కలంటాం) కట్టు కట్టే తాత ఉండేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, అక్కడికి తీసుకుపోయింది. తాత కళ్లు మూసుకుని నా చేతిని మెల్లగా తడిమాడు. చర్మం కింద ఏముందో ఆయన వేళ్లకు కనిపిస్తోందనుకున్నాను. మినప్పిండిలో గుడ్డుసొన కలిపి పూసి, నాలుగు వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించాడు.

“మూడు వారాలు ఇప్పద్దు. లేత బొక్క, ఎట్ల పెడితే గట్లనే అతుక్కుంటది,” అన్నాడు.

రెండు వారాలకే క్రిస్మస్. అవ్వ అంతకుముందే నాకు గౌను కుట్టించింది, మణికట్టు దాకా బిగువు చేతులున్నది. కట్టుతో చెయ్యి దూరదు. చర్చిలో అందరి ముందూ నేను బైబిల్ వాక్యం చెప్పాలి. పండుగ పొద్దున కట్టు విప్పమని ఇల్లు పీకి పందిరేశాను. అవ్వ గౌను కుట్లు విప్పుతానన్నా వినలేదు. చివరికి అవ్వ నా కట్టే విప్పింది. ఆరాధన అయ్యాక తనకు చేతనైనట్టు మళ్లీ కట్టింది.

మూడు వారాలకు కట్టు తీస్తే చెయ్యి వంగి ఉంది.

“ఎవరు ఇప్పిండ్రు?” అని మా నాన్న, బాపు, గర్జించాడు.

“నేనే ఇప్పిన. గౌనుల మంచిగ కనవడుతదని నేనే ఇప్పిన,” అంది అవ్వ.

బాపు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను, నోరు విప్పలేదు. తర్వాతా చెప్పలేదు, బాపు పోయాకా చెప్పలేదు. ఎవరు నా చెయ్యి సంగతి అడిగినా అవ్వ “నా బుద్ధి గడ్డి తిన్నది” అనేది. నేను పక్కనే నిలబడి వినేదాన్ని. పిరికిదాన్ని, ఇంకేం.

పోయిన చలికాలం ఇంటికి వెళ్తే, వాకిట్లో ఎండలో చాప మీద కూర్చోబెట్టి అవ్వ నా చేతికి నూనె రాస్తోంది. ఎప్పటిలాగే ఆమె వేలు వంకర దగ్గర ఆగింది. నాలోని టీచరమ్మ ఊరుకుంటుందా!

“బొక్క ఊకెనే ఉండదవ్వా. పాతది కొద్దికొద్దిగ కరుగుతది, కొత్తది వస్తుంటది. నువ్వు కట్టు ఇప్పినప్పటి బొక్క ఇప్పుడు నా ఒంట్ల లేనే లేదు.”

“మరి వంకర పోలేదేంది?”

బడిలో అయితే దీనికి జవాబుంది. ఇక్కడ ఎండ మత్తుగా ఉంది, నూనె వెచ్చగా ఉంది, నాకు మళ్లీ ఎనిమిదేళ్లు వచ్చినట్టుంది. ఇన్నేళ్లూ గొంతులో ఉన్న మాట దానంతటదే బయటికి వచ్చింది.

“ఇప్పుమని నేనే ఏడ్సిన అవ్వా.”

“నాకు యాదుంది.”

“మరి బాపుకెందుకు చెప్పలే?”

“ఇరిగిన చెయ్యి. దాని మీద ఇంకో దెబ్బ పడుతదని.”

“బాపు పోయినంక?”

అవ్వ నూనె గిన్నె పక్కకు జరిపింది.

“నువ్వు చెప్తవని సూసిన బిడ్డా. ఇన్నేండ్లు సూసిన.”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. చెయ్యి వెనక్కి తీసుకోబోతే అవ్వ వదల్లేదు.