మా బావగారి లైను కదలదు

పొద్దుటి రైలు వచ్చే వేళకు మా ఆయన వంటింటి అలమరకు అరచెయ్యి ఆనించి నిలబడేవారు. గిన్నెలు జారకుండా ఆయన కాపు కాస్తుంటే నేను టీ వడపోసేదాన్ని. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు రైలు వెళ్లిపోయాక, అంచు దాకా జరిగొచ్చిన గిన్నెల్ని మళ్లీ గోడవైపు నెట్టడం నా పని. అదీ మా బావగారు నిద్ర లేవకముందే.

ఎందుకంటే మా బావగారి లైను కదలదు.

బావగారంటే మా ఆయనకు అన్న. రైలు పట్టాల మేస్త్రిగా చేసి రిటైరయ్యారు. మా ఇంటి వెనక పట్టాల కింద కంకర కుక్కించింది ఆయనే. అప్పటి రైళ్లు ఎద్దులబండితో పందెం కాసినా ఓడిపోయేవి. వాటి కింద పట్టాలు కదల్లేదంటే వింతేముంది? ఆయన మాత్రం అది తన చేతి మహిమే అనుకున్నారు. ఎవరింటికి వెళ్లినా ముందు నేలను బూటుతో తన్ని, "సరిగ్గా కుక్కలేదు" అనేవారు. పెళ్లిచూపులకు వెళ్లిన ఇంట్లోనూ అదే మాట అన్నారట. ఆయన పెళ్లి కథ అక్కడితో సరి.

ఇప్పుడు కొత్తగా వేగం రైలు వేశారు. గూడ్సుబండి పోతే మా ఇల్లు ఊగేది. ఇది పోతే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. కూత చెవిన పడకముందే అరికాళ్లకు తెలిసిపోతుంది. ఆ వెంటనే మూతలన్నీ ఒకేసారి మాట్లాడడం మొదలుపెడతాయి.

"గిన్నెలు కదులుతున్నాయి బావగారూ" అన్నాను ఒకసారి.

"ఎలక."

"నీళ్లబిందె కూడానా?"

"పెద్ద ఎలక."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నా బాధ గిన్నెల గురించి కాదు. అలమర పక్కన గోడ పగిలితే, మా ఆయన పోయే ముందు దానికి సిమెంటు పూశారు. తాపీ కనపడక బొటనవేలితోనే అదిమారు. ఆ వేలిముద్రలు పగులు పొడుగునా వరసగా ఉండేవి. ఈ రైలు వచ్చాక పైనుంచి ఒక్కొక్కటీ రాలుతున్నాయి. రాలిన ముక్కల్ని పారెయ్యలేక డబ్బాలో వేశాను. రైలొస్తే ఆ డబ్బా కూడా గలగలమంటుంది.

ఒకరోజు ఇద్దరు ఆఫీసర్లు ఒక పెట్టె పట్టుకొచ్చారు.

"గోడ ఎంత అదురుతోందో కొలుస్తామమ్మా. ఎక్కువుంటే ఇక్కడ పట్టాల కింద రబ్బరు పలకలు వేయిస్తాం. అదురు తగ్గుతుంది. ఇవాళా రేపూ కొలిచి చూస్తాం" అన్నాడు పెద్ద ఆఫీసరు.

నాకు ప్రాణం లేచొచ్చింది. బావగారి మొహం మాత్రం దొంగతనం అంటగట్టినట్టు మాడిపోయింది.

"లైను పక్కన మనుషులు పనిచేస్తుంటే జెండా ఉండొద్దూ? ఏం చదువుకున్నార్రా వీళ్లు!" అంటూ ఖాకీ కోటు తొడుక్కున్నారు. రిటైరైనా తిరిగివ్వని ఎర్రజెండా చంకలో పెట్టుకుని, మలుపు అవతలిదాకా నడిచివెళ్లారు.

ఇంకేముంది? వేగం రైలు కాస్తా మలుపు దగ్గర కీచుమంటూ ఆగింది. ఆ తరవాత నెలలు నిండిన మనిషిలా మా ఇంటి వెనకనుంచి ఒక్కో అడుగే వేసుకుంటూ పోయింది. ఒక్క మూత పలకలేదు.

"చాలా మెల్లగా వెళ్లింది కదా సార్?" అన్నాడు చిన్న ఆఫీసరు.

"వెళ్లిందా లేదా?"

"వెళ్లింది సార్."

"అయితే అదురు లేదని రాయి."

పెద్ద చదువంటే ఇదేనేమో, నాకు తెలీదు.

సాయంత్రం బావగారు కోటు నా చేతికిచ్చారు. "రేపూ వెళ్లాలమ్మాయ్. దుమ్ము కొట్టుకుపోయింది. ఉతికి ఆరెయ్యి."

"పోనీ, కోటు లేకుండా వెళ్లకూడదా?"

"కోటు లేకుండా లైను మీదికా? నేనేమన్నా మేకలు కాసేవాడినా?"

అది విని, కోటును సబ్బునీళ్లలో నానబెట్టాను. అంతే. ఉతకలేదు.

పొద్దున్నే ఆఫీసర్లు వచ్చి గోడకు పెట్టె బిగించారు. బావగారు బనియనుతో పెరట్లోకి వచ్చారు. "కోటేదీ?"

"నానుతోంది."

"ఇంకానా?"

"మురికి వదల్లేదు బావగారూ. మేస్త్రిగారి కోటు కదా, ఓ పట్టాన కదలదు."

ఆయన నోరు తెరిచేలోపే నా అరికాళ్లకు తెలిసిపోయింది. వంటింట్లోకి పరిగెత్తి, మిగిలిన వేలిముద్రల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఇల్లంతా వణికింది. పెట్టెలో గీత ఎగిరెగిరి పడింది.

"నిన్న చచ్చినట్టు పడుందే ఇది!" అని నోరెళ్లబెట్టాడు పెద్ద ఆఫీసరు.

చెయ్యి తీసి చూసుకున్నాను. ఒక్క పెళ్ల కూడా ఊడలేదు.

పెరట్లో బావగారు బకెట్ వైపే చూస్తున్నారు. కోటు పైన సబ్బునీళ్లలో గుండ్రటి అలలు ఒకదాని వెనక ఒకటి లేస్తూనే ఉన్నాయి. తరవాత బకెట్ పక్కన నేలను కాలితో తన్నారు.

"ఇక్కడ సరిగ్గా కుక్కలేదు" అన్నారు.

కోటు ఇంకా నానుతూనే ఉంది. రబ్బరు పలకలు వేసేదాకా నానుతుంది.