ఆయన చెవులు నేనే

మా ఆయన పోయాక పేపర్లో చిన్న ఫొటో వేసి, మాజీ సైనికుల కోసం జీవితం ధారపోసిన నావికుడు అని రాశారు. ధారపోసిన మాట నిజమే. అందులో సగం జీవితం నాది. ఆ సంగతి ఎవరూ రాయలేదు.

నేవీలో పదిహేనేళ్లు ఇంజన్‌రూమ్‌లో పనిచేశారు. ఆ మోతకి చెవులు పోయాయి. పక్కకెళ్లి గట్టిగా అరిస్తే తప్ప వినపడేది కాదు. రిటైరయ్యాక ఒడిశాలో మా పుట్టిల్లున్న రాయగడ వచ్చి ఇల్లు కట్టుకున్నాం. అప్పటినుంచీ ఆయనకు ఒకటే పని. కొండల్లో ఏ ఊళ్లో ఏ సిపాయి పెన్షన్ ఆగిపోయినా, ఎవరికి ఆస్పత్రి కాగితం కావాలన్నా, ఫైలు చంకలో పెట్టుకుని కొరాపుట్‌లోని సైనిక సంక్షేమ ఆఫీసుకి బయలుదేరేవారు. మా ఇంట్లో కొళాయి కారుతుంటే మాత్రం ఆ చప్పుడు నాకొక్కదానికే వినపడేది.

చెవుడు కాబట్టి నన్ను వెంట తీసుకెళ్లేవారు. నేను రాయగడలోనే పుట్టి పెరిగాను, ఒడియా, హిందీ రెండూ వచ్చు. క్లర్కు చెప్పింది విని, ఆయన చెవి దగ్గర నోరుపెట్టి తెలుగులో అరవడం నా ఉద్యోగం. జీతం బత్తెం లేని ఉద్యోగం.

విన్నది విన్నట్టు చెప్పిన రోజులు తక్కువ. కిటికీ అవతలి క్లర్కు, ఈ చెవిటి ముసలాడు మళ్లీ తగలడ్డాడు అని హిందీలో అనేవాడు.

"ఏటంతన్నాడు?" అని ఈయన అడిగేవారు.

"కూకోమంతన్నాడండి," అనేదాన్ని.

"మర్యాదస్తుడు," అని నవ్వి కూర్చునేవారు. ఆ అమాయకత్వానికి నాకు ఒళ్లు మండేది.

ఐదేళ్ల కిందటి మాట. కొల్నార అవతలి పల్లెలో రిటైరైన సిపాయి ఒకాయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. విశాఖపట్నం ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే కొరాపుట్ ఆఫీసరు సంతకంతో ఉత్తరం కావాలి. పొద్దున్నే బయలుదేరి వెళ్లి, మధ్యాహ్నం మూడుదాకా బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు క్లర్కు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ ఒక్కరోజూ మర్యాదగానే, మాట మాటా విడదీసి హిందీలో చెప్పాడు. సారు ఐదింటికి వస్తారు, ఉండి సంతకం చేయించుకోండి, రేపటినుంచి వారం రోజులు సెలవు అన్నాడు.

"ఏటంతన్నాడు?"

"సారు సెలవంట. వచ్చే వారం రమ్మంతన్నాడు."

ఎందుకలా అన్నాను? ఇంట్లో ఆ రోజు శుభకార్యం లేదు, ఎవరూ మంచాన లేరు. ఐదింటిదాకా ఉంటే ఆఖరి బస్సులో నిలబడి వెళ్లాలి. మోకాళ్లు లాగేస్తున్నాయి. విసుగు, అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఆయన నా ముఖంలోకి ఓ క్షణం చూసి, ఫైలు సర్దుకుని, "పద" అన్నారు.

ఆ మరుసటి వారం ఉత్తరం చేతికొచ్చింది. తీసుకుని పల్లెకి వెళ్లేసరికి సిపాయి పోయి రెండు రోజులైంది.

"తప్పు నాది. ఆరోజు నేను ఉండాల్సింది," అని కనపడ్డ ప్రతివాళ్లతోనూ అనేవారు. పాపం, తెలియక తన మీద వేసుకుంటున్నారనుకున్నాను. వేసుకోనిచ్చాను. నిజం ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగాను. సిపాయి భార్యకు పెన్షన్ వచ్చేదాకా, వచ్చాక కూడా, నెలకోసారి ఆ ఇంటికి ఒక్కరే వెళ్లొచ్చేవారు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు.

ఈ ఎండాకాలంలో ఆయన పోయారు. పన్నెండో రోజు భోజనాలకి, ఆయనతో ఒకే ఓడలో పనిచేసిన స్నేహితుడు శ్రీకాకుళం నుంచి వచ్చాడు. ఆయన చెవుడు గురించీ, ఆఫీసుల్లో నా అరుపుల గురించీ నేను చెప్తుంటే వింతగా చూశాడు.

"ఆడికి సెవులెందుకు సెల్లెమ్మా? ఇంజన్‌రూమ్ మోతలో ఎవుడికీ ఏటీ ఇనబడదు. మేవంతా పెదాలు సూసే మాటాడుకునేవోళ్లం. హిందీ అయితే గది ఆ సివరున్నోడి మాట కూడా ఆడు పట్టేసీవోడు."

చెవిటి ముసలాడు అన్న ప్రతిసారీ ఆయనకు అందిందన్నమాట. ఆ రోజు ఐదింటిదాకా ఉండమన్న మాటా అందింది. నేను అబద్ధమాడానని తెలిసే, నా మోకాళ్లు చూసి లేచి వచ్చేశారు. బహుశా నన్ను పక్కన ఉంచుకోవడానికే ఏటంతన్నాడని అడిగేవారేమో. ఏడుపు రాలేదు నాకు, కోపం వచ్చింది. ఎందుకలా చెప్పావని ఒక్కసారి తిట్టి ఉంటే, నేనూ ఏడ్చి బయటపడేదాన్ని. ఐదేళ్లు మంచితనంతో నా నోరు నొక్కేశారు.

నెల తిరక్కుండా కొల్నార బస్సెక్కాను. సిపాయి భార్యకి జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని. ఫలానా సారు భార్యనని చెప్పగానే ఆమె అరుగు మీద చాప వేసింది. రాగిగంజి గిన్నె చేతికిచ్చి, వాళ్ల భాషలో అక్కని పిలిచినట్టు నన్ను నానీ అని పిలిచి, వచ్చీరాని తెలుగులో తనే మొదలుపెట్టింది.

"సారు పోయేరని తెలిసినాది. నేను రాలేదు నానీ. సంతకం అయ్యీదాకా ఉండమని ఆఫీసులో అన్నారంట. ఉండకుండా నేనే వచ్చీసేను అని సారే నాకు సెప్పేరు. పెన్సన్ ఆయనే తెచ్చేరు, కాదనను. గానీ ఇన్నేళ్లూ ఆయన్ని ఈ అరుగు మీద కూకోమనలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నువ్వు తాగు నానీ. నువ్వేటి సేసేవు?"

చెప్పడానికే వెళ్లాను. నోరు తెరిచాను కూడా.

"ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది.

సరిపోయిందన్నాను. గిన్నె ఖాళీ చేసి, బస్సుకి వేళయిందని చెప్పి వచ్చేశాను.