మేము నడిచిన ముప్పై ఎనిమిది రోజులు

నలభై రెండులో, యుద్ధానికి భయపడి జనం బర్మా వదిలి పారిపోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. రంగూన్ నుంచి మా కుటుంబం ముప్పై ఎనిమిది రోజులు అడవుల్లో నడిచి ఈ దేశం చేరింది. రోజుకు పన్నెండు మైళ్ళ చొప్పున నాలుగు వందల యాభై ఆరు మైళ్ళని అడగనివాళ్ళకు కూడా చెప్పేదాన్ని. తర్వాత నాన్నకు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పని దొరికింది. ఇక్కడి తెలుగువాళ్ళు సెలవులకు శ్రీకాకుళం వైపు సొంతూళ్ళకు వెళ్ళేవారు. మాకు ఊరు లేదు. ఆ నడకే ఉంది.

అందుకని పెళ్ళయ్యాక ఒక ఆచారం పెట్టాను. ఏటా మేము రంగూన్ విడిచిన తేదీన ఇంటిల్లిపాదీ ఉప్పుగంజి తాగి, తలా ఒక మూటతో, చెప్పుల్లేకుండా క్వార్టర్ నుంచి గోల్‌బజార్ దాకా నడిచి రావాలి. రిక్షావాళ్ళు జాలిపడి ఆగితే, మేం కాందిశీకులమని బెంగాలీలో గర్వంగా చెప్పి పంపేసేదాన్ని. మా ఆయన బరువు లేకుండా మూటలో దిండు పెట్టుకునేవారు.

నా యాభై నాలుగో ఏట, మా కుటుంబం కథ చెప్పమని మనవరాలిని బడిలో అడిగారు. వ్యాసం నేనే రాయించాను. అది బడిలో చెప్పాల్సిన ముందురోజు విజయనగరం నుంచి మా అన్నయ్య వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. పిల్ల ఆయన ముందు గడగడా అప్పజెప్పింది.

"మీ నానమ్మ నడిసిందా? ఎవలు సెప్పినారే?"

"నానే సెప్పినాను," అన్నాను.

"నువ్వేటి నడిసినావే! అమ్మా నువ్వూ ఓడలో వచ్చినారు. నడిసినోళ్ళం నానూ, మన అయ్యా."

కోపంగా కాగితం తీసి లెక్క మొదలుపెట్టి, నా వయసు దగ్గర ఆగాను. అన్ని మైళ్ళు లెక్కగట్టిన దాన్ని, నాలుగేళ్ళ పిల్ల రోజుకు పన్నెండు మైళ్ళు ఎలా నడిచిందని ఒక్కసారీ అనుకోలేదు. వ్యాసంలో రాయించిన జలగలు, వెదురు వంతెన అన్నీ చిన్నప్పుడు అన్నయ్య చెప్పగా విన్నవే. నాకు నాకుగా గుర్తున్నవి ఇనప గోడ, అమ్మ ఒళ్ళో వాంతులు. వాటిని అడవి జ్వరం కింద జమకట్టుకున్నాను.

"మరి మమ్మల్ని ఇన్నేళ్ళు ఎందుకు నడిపించినావమ్మా?" అన్నాడు మా అబ్బాయి, అరికాలు చూసుకుంటూ.

మనవరాలు ఏడుపు మొహం పెట్టింది. "రేపు ఏటి సెప్పాలి నానమ్మా?"

వ్యాసం తీసుకుని ఎర్రసిరాతో కొట్టేస్తూ పోయాను. 'మా ముత్తాత నడిచాడు' అన్నది సులువుగానే వచ్చింది. 'మా నానమ్మ ఓడలో వచ్చింది' నాలుగే మాటలు, పావుగంట పట్టింది.

పిల్ల చదువుకుంది.

"శానా సిన్నదైపోనాది నానమ్మా," అంది.