అవార్డుతో పాటు బస్టాండుకి

అవార్డు ఇచ్చినవాడు ఆ అవార్డుతో పాటే స్టేజి దిగి, ఆటో ఎక్కి, బస్టాండు దాకా వెళ్లడం మీరెక్కడైనా చూశారా? నేను వెళ్లానండీ! సరదాపడి కాదు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మా సైన్స్ రచయితల సంఘం సంగతి తెలుసుగా. పటమటలో మేడ మీద ఒక గది, నాలుగు కుర్చీలు, బోలెడంత ఉత్సాహం. పేపర్లలో సైన్స్ సంగతులు బాగా రాసినవాళ్లకి ఏటా అవార్డు ఇస్తుంటాం. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కదా అని నన్ను సెక్రటరీని చేశారు. నిరుడు ప్లాస్టిక్ షీల్డు ఇచ్చాం. గెలిచినాయన స్టేజి దిగేలోపు దాని బంగారు రంగంతా ఆయన అరచేతులకి అంటుకుంది. జర్నలిస్టు ఊరుకుంటాడా? మర్నాడే పేపర్లో మమ్మల్ని ఉతికి ఆరేశాడు!

అందుకని ఈసారి మా ప్రెసిడెంటుగారు ముందే చెప్పారు. "మూర్తిగారూ, అవార్డన్నాక కాస్త బరువుండాలండీ."

"నాకొదిలేయండి సార్" అన్నాను. అనకపోతే ఏం పోయేది చెప్పండి?

తిన్నగా ఆటోనగర్ వెళ్లాను. అక్కడ లారీలకి వెల్డింగు చేసే బాజీ మేస్త్రి నాకు తెలుసు. మా స్కూటర్ స్టాండు ఆయనే అతికాడు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

"మేస్త్రీ, నాకో ఆటం చేసిపెట్టాలి" అన్నాను.

"ఆటమా? అది ఏ బండికొస్తది సార్?"

"బండికి కాదయ్యా, పరమాణువు!" అని బొమ్మ గీసి చూపించాను. మధ్యలో కేంద్రకం, చుట్టూ రింగులు, రింగులకి ఎలక్ట్రాన్లు. ఆయన బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి, "గట్టిగా ఉండాలా?" అన్నాడు.

"జీవితాంతం ఉండాలి. కాస్త బరువుండాలి. అవార్డు కదా!"

"మీకెందుకు, చూస్కోండి" అన్నాడు. సైజు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మధ్యలో ఒక్కసారైనా వెళ్లి చూశానా? లేదు. సర్‌ప్రైజ్‌గా ఉంటుందని!

ఉంది.

ఫంక్షన్ రోజు మధ్యాహ్నం తొక్కుడు రిక్షాలో గోనెపట్టా కప్పుకుని దిగింది. ఇద్దరు మనుషులు "హైస్సా" అంటూ మోసుకొచ్చి స్టేజి మీద బల్ల మీద పెడితే, బల్ల ఓసారి మూలిగింది. పట్టా తీశాను. అడుగున లారీ చక్రం హబ్బు. దాని మీద గేరు పళ్ల రింగులు, ఒకదాంట్లో ఒకటి. చుట్టూ ఇనప కడ్డీలు, కడ్డీల చివర బేరింగు గుళ్లు. అంతటికీ వెండి పెయింటు!

"బరువుండాలన్నారుగా సార్" అన్నాడు బాజీ మేస్త్రి గర్వంగా. "లోడు లారీ ఎక్కినా వంగదు."

ఇంతలో ప్రెసిడెంటుగారు వచ్చారు. "స్టేజి మీద ఈ పంపుసెట్టు ఎవరిదండీ? తీయించండి, టైమవుతోంది!"

"అదే సార్... అవార్డు."

ఆయన నన్ను చూశారు, దాన్ని చూశారు, కుర్చీలో కూలబడ్డారు. "చీఫ్ గెస్టు ప్రొఫెసరుగారు నడుముకి బెల్టు పెట్టుకుని వస్తున్నారయ్యా! దీన్నెలా ఎత్తి ఇస్తారు?"

"ఆయన ఎత్తక్కర్లేదండీ. నేను వెనక నించుని ఎత్తుతాను, ఆయనా, గెలిచిన అమ్మాయీ ముందు నుంచి చేతులు ఆనిస్తారు. ఫొటో అయిపోగానే దించేస్తాను. క్షణంలో పని!"

ఇంతకీ గెలిచిన అమ్మాయి పేరు జ్యోతి. బందరు దగ్గర తీరాన చేపల వేట మీద బతికే కుటుంబం. ఓ పేపరుకి కంట్రిబ్యూటరు. తుఫానప్పుడు రేవులో హెచ్చరిక నంబర్లు ఎగరేస్తారే, ఏ నంబరుకి ఏంటి అర్థం, వేటకెళ్లినవాళ్లు ఏం చేయాలి అన్నది వాళ్లమ్మానాన్నలక్కూడా తెలిసేట్టు రాసింది. బ్రహ్మాండమైన వ్యాసమండీ, చదివినవాళ్లందరూ ఈ అమ్మాయికే ఇవ్వాలన్నారు. వాళ్ల నాన్న నాగరాజుగారు తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు, కూతురు మీంచి చూపు తిప్పకుండా. అది చూశాక నాకు నిజంగా భయమేసింది. ఆ పిల్ల రోజు నా వల్ల పాడవకూడదనుకున్నాను.

శాలువా కప్పారు, బాగానే జరిగింది. ఇక అవార్డు. నేను బల్ల వెనక్కెళ్లి, ఊపిరి బిగబట్టి ఎత్తాను. ప్రొఫెసరుగారు చేయి ఆనించారు, జ్యోతి ఆనించింది. చప్పట్లు! ఫొటోగ్రాఫరు నొక్కాడు.

"సార్, ఫ్లాష్ వెలగలేదు. ఇంకొక్కటి."

సరే, ఇంకొక్కటి. అప్పుడే ప్రొఫెసరుగారికి విజ్ఞాన దాహం పుట్టింది. మైకు దగ్గరికి లాక్కుని, "ఏమ్మా, ఒకటో నంబరుకీ రెండో నంబరుకీ తేడా ఏంటో మాక్కూడా చెప్పు" అన్నారు. అవార్డు మీద చేయి మాత్రం తీయలేదు!

ఆ అమ్మాయి ఎంత శ్రద్ధగా చెప్పిందనుకున్నారు! ఒకటీ రెండూ అంటే తుఫాను ఇంకా దూరాన సముద్రంలో ఉన్నట్టటండీ. మూడూ నాలుగూ వచ్చేసరికి నా చేతులు వణకడం మొదలైంది. "ప్రమాద హెచ్చరిక ఐదో నంబరు నుంచండీ" అంటోంది. నాకు మోకాళ్లలో అప్పటికే తీరం దాటింది. ఎనిమిది, తొమ్మిది, పది, మహా ప్రమాదం. నా కళ్ల ముందు మిణుగురులు. ముందు వరసలో ఎవరో, "సెక్రటరీగారు చూశారా, ఎంత ఉద్వేగపడుతున్నారో!" అంటున్నారు.

"ఇక పదకొండో నంబరు అంటే, వాతావరణ కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని అర్థమండీ" అంది జ్యోతి.

నాకూ నా చేతులకీ కూడా తెగిపోయాయి. ధన్‌మని దించేశాను. బల్ల ఒక కాలు వంగింది. ప్రొఫెసరుగారు "అద్భుతం!" అన్నారు, వ్యాసం గురించో బల్ల గురించో తెలీదు.

నాగరాజుగారు గబగబా స్టేజి ఎక్కి, "తప్పుకోండి బాబూ" అంటూ ఆ అవార్డుని అవలీలగా ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. వలలు లాగిన చేతులు కదండీ! "ఆఖరి బస్సు అందుకోవాలమ్మా, పద" అని నడిచాడు.

ఆయన వెనకే నేనూ నడిచాను!

ఎందుకంటే నేను దించినప్పుడే ఒక ఎలక్ట్రాను కడ్డీ నా లాల్చీ పైజేబులో దూరి తగులుకుంది. లాగి చించేద్దామా అంటే ఆ లాల్చీ నాది కాదు, మా బావమరిది పెళ్లినాటి పట్టు లాల్చీ, బతిమాలి తెచ్చుకున్నాను. విప్పేద్దామా అంటే లోపలి బనియను పదిమందిలో చూపించేట్టు లేదు. "నాగరాజుగారూ! ఒక్క నిమిషం!" అంటున్నాను, చప్పట్లలో వినపడితేగా! ప్రెసిడెంటుగారు మైకులో, "మా సెక్రటరీగారు విజేతను స్వయంగా సాగనంపుతున్నారు, చూడండి!" అన్నారు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

ఆటో దగ్గర విషయం చెప్పాను. జ్యోతి పాపం కంగారుపడింది. గుళ్లూ కడ్డీలూ అటు తిప్పారు, ఇటు తిప్పారు, రాలేదు. బస్సు టైమైపోతోంది. "ఎక్కండి సార్, దారిలో చూద్దాం" అన్నారు. ఎక్కాను. ఏం చేయను?

దారిలోనూ రాలేదు. బస్టాండులో బందరు బస్సు కండక్టరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "దీనికి లగేజీ టిక్కెట్టు కొడతా. దీనికి తగులుకున్న ఈయనక్కూడా లగేజీయేనా, మనిషి టిక్కెట్టా?" అన్నాడు.

బస్సంతా ఒకటే నవ్వు. నాగరాజుగారు మొలలోంచి వల దారాలు కోసే కత్తి తీసి, "ఏమనుకోకండి సార్" అని జేబుని అంచుల వెంబడి నీటుగా కోసేశాడు. జేబు అవార్డుతో బందరు వెళ్లింది, నేను సిటీ బస్సులో పటమట వచ్చాను. మా బావమరిది ఆ రోజు నుంచి నాతో మా ఆవిడ ద్వారానే మాట్లాడుతున్నాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నానా? ఇవాళ పొద్దున జ్యోతి ఫోన్ చేసింది.

"సార్, మీరేమీ అనుకోనంటే ఒక మాట. అవార్డు పెడితే ఇంటి అరుగు పగిలింది. నాన్న దాన్ని పడవకి లంగరు చేసేశాడు."

"లంగరా!"

"అవును సార్. మొన్న గాలివానకి అందరి పడవలూ కొట్టుకుపోయి ఒడ్డెక్కాయి, మాది జానెడు కూడా కదల్లేదు. ఆ రింగులూ కడ్డీలూ బురదలో భలే పట్టేశాయంట. ఇక్కడందరూ అడుగుతున్నారు సార్, ఈ అవార్డు కావాలంటే వ్యాసం ఎన్ని పేజీలు రాయాలని!"

వెంటనే ప్రెసిడెంటుగారికి ఫోన్ చేసి చెప్పాను. సైన్సుని అట్టడుగుకి తీసుకెళ్లాలని ఆయన ప్రతి మీటింగులోనూ గొంతు చించుకుంటారండీ. మా సంఘం పుట్టాక నిజంగా తీసుకెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే. కాకపోతే, సముద్రం అట్టడుగుకి!